దుబాయ్ అంగీ

మా మేనత్త కొడుకు పంతొమ్మిదేళ్లు గల్ఫ్‌లో సెంట్రింగ్ పని చేశాడు. ఆ పంతొమ్మిదేళ్లూ నేను కాజీపేటలో కూర్చుని లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ మ్యాచులు చూశాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారన్నది మా ఇంట్లో ఇంకా తెగని పంచాయితీ. బావ బొంబాయిలో విమానం ఎక్కింది 2004లో. ఆర్సెనల్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంగ్లండ్ లీగ్ గెలిచింది కూడా ఆ ఏడే. 38 మ్యాచుల్లో 26 గెలుపులు, 12 డ్రాలు. బావ 2023లో మూటాముల్లె సర్దుకుని వచ్చేదాకా ఆ కప్పు మళ్లీ మా చేతికి రాలేదు.

"నేను పోయిన గడియ మంచిది గాదు బామ్మర్దీ, మీ టీంకు" అంటాడు నవ్వుతూ. తనకెలాంటి గడియో చెప్పడు.

మా చేతికి అంటున్నాను చూడండి. లండన్ మొహం నేను ఎరగను. అయినా పాతికేళ్లు దాటింది ఈ "మా"కు. ఇంట్లోవాళ్లు అడగడం కూడా మానేశారు.

కాజీపేటలో పుట్టినవాడికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టడం వింతేం కాదు. రైల్వే జంక్షన్. బాపు లోకో షెడ్డులో ఫిట్టర్. కాలనీలో ఆంగ్లో ఇండియన్ ఇళ్లు, పక్కన ఫాతిమానగర్ చర్చి, సాయంత్రం ఐదైతే రైల్వే గ్రౌండ్‌లో దుమ్ము. మాకు ఒకటే బంతి. తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడర్, పైన బూటుకు కట్టినట్టు తాడు. వారానికోసారి పంక్చర్ అయ్యేది. సైకిల్ షాపాయన బ్లాడర్‌ను బయటికి లాగి, బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, నోటితో ఊది ఆరబెట్టి ముక్క అతికించేవాడు. పావలా. అతుకుల మీద అతుకులు పడి ఆ బ్లాడర్ ఎటో ఒకవైపు బరువెక్కేది. అందుకే మా బంతి ఎప్పుడూ ఎడమకే తిరిగేది. తర్వాత టీవీలో పెద్ద పెద్ద ఆటగాళ్లు బంతిని కావాలని వంకర తిప్పుతుంటే మాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

బాపుకు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేవుడి గుడి. రహీం సాబ్ పేరు చెప్పేటప్పుడు గొంతు మారేది. బడిపంతులు నుంచి కోచ్ అయిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన చలవే. మరుసటి ఏడు కేన్సర్‌తో పోయాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం చివరికి రైల్వే జట్టు బీఎన్‌ఆర్‌కు ఆడాడని బాపుకు మరీ గర్వం. "మన రైల్వేనే రా" అనేవాడు, ఆ రైల్వే కలకత్తాలో ఉన్నా సరే.

ఇక ప్రపంచ రాజకీయాలు. అవి మా ఇంటికి క్యాసెట్‌లో వచ్చాయి.

1990లో మామ, అంటే బావ వాళ్ల నాయన, కువైట్‌లో ఉన్నాడు. అత్తది కోరుట్ల దగ్గర ఊరు. అప్పట్లో ఉత్తరాలు రాయడం రానివాళ్లు మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. అత్త అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ, చిటికెడు తంబాకు పోసి, వేళ్ల మధ్య గిర్రున చుట్టి, కొసను గోటితో మడిచి, దారం చుడుతూ ఆ క్యాసెట్ వినేది. మామ మాట్లాడుతున్నంతసేపూ చేయి ఆగేది కాదు. వెయ్యి బీడీల లెక్క మామ కోసం ఆగదు కదా. ఎక్కడైనా మామ గొంతు బొంగురుపోతే మాత్రం టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ పెట్టేది.

జూలైలో వచ్చిన క్యాసెట్‌లో మామ నాకోసం కూడా నాలుగు మాటలు పెట్టాడు. వరల్డ్ కప్‌లో ఈజిప్టు హాలండ్ మీద డ్రా చేసిందట. ఆ రాత్రి మిస్రీలు, అంటే అక్కడి ఈజిప్టువాళ్లు, రోడ్ల మీద తెల్లందాక కారు హారన్లు కొట్టారట. "ఒక్కనికి నిద్ర లేదు రా అల్లుడా, పొద్దుగాల డ్యూటీల అందరు తూగుడే." చివర్లో అత్తతో: "దసరాకు వస్త."

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది.

రెండు నెలలు మామ ఉన్నాడో లేడో తెలియదు. నాకు పదకొండేళ్లు. నెల కింద టీవీలో పశ్చిమ జర్మనీ కప్పు ఎత్తుకోవడం చూసిన కళ్లతోనే ఆ ఇసుక, ఆ ట్యాంకులు చూశాను. అత్త అదే క్యాసెట్ మళ్లీ మళ్లీ వేసేది. మిస్రీల హారన్ల ముచ్చట దగ్గరికి రాగానే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు ఒకదాని వెనక ఒకటి తిరిగి లక్షా డెబ్బై వేల మంది మనవాళ్లను తెచ్చాయని తర్వాత చదివాను. అందులో మామ ఒకడు. దసరా పోయిన వారానికి ఒక చేతిసంచితో కాజీపేటలో రైలు దిగి ముందు మా క్వార్టర్‌కే వచ్చాడు. బాపు యుద్ధం గురించి అడుగుతున్నాడు. నేను మధ్యలో దూరి, "మామా, కువైట్ టీం ఏమైంది?" అన్నాను. అమ్మ నెత్తిన ఒక్కటిచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు చాలా ఏళ్లకు దొరికింది. 1982 స్పెయిన్ వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ గోల్ కొడితే, స్టాండ్స్‌లో ఎవరో ఊదిన విజిల్ విని ఆగిపోయామని కువైట్ ఆటగాళ్లు గొడవ పెట్టుకున్నారు. వాళ్ల సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ తానే మైదానంలోకి దిగొచ్చాడు. రిఫరీ ఆ గోల్ రద్దు చేశాడు! అయినా ఫ్రాన్స్ 4-1తో గెలిచిందనుకోండి. ప్రపంచమంతా నవ్వుకున్న ఆ షేక్ ఫహద్, 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడిలో రాజభవనం దగ్గర చనిపోయాడు. ఒక్క గోల్‌ను ఆపగలిగిన మనిషి. ఈ ముచ్చట మామకు చెబుదామంటే అప్పటికి మామ లేడు.

ఆర్సెనల్ నా జీవితంలోకి వచ్చింది ఒక వానలో. 1999 అక్టోబర్ 23, చెల్సీ మైదానం, చిత్తడి. రెండు గోల్స్ వెనక ఉన్నారు. ఆఖరి పదిహేను నిమిషాల్లో మా నైజీరియా ఆటగాడు కాను మూడు కొట్టాడు. మూడోది గోల్ లైన్ పక్క నుంచి, గోలీ ముందుకొచ్చి పడుంటే, అసలు సందే లేని చోటు నుంచి. నేను చూసింది రిపీట్. అదీ తెర కింది భాగమంతా మా కేబులాయన వేసుకున్న చీరల దుకాణం ప్రకటన పాకుతుండగా. బంతి నెట్‌లో పడ్డ క్షణానికి దాని మీద "పట్టుచీరలపై భారీ తగ్గింపు" అని ఉంది. ఇప్పటికీ ఆ గోల్ తలచుకుంటే ఆ అక్షరాలు కనబడతాయి.

బాపుకు ఇంగ్లండ్ జట్టుకు కేకలేయడం నచ్చలేదు. "తెల్లోళ్ల టీం నీకెందుకురా?" అన్నాడు. అప్పుడు నేను చదివింది చెప్పాను. 1886లో లండన్ దగ్గర వూలిచ్‌లో, ప్రభుత్వ ఆయుధ కార్ఖానాలో పనిచేసే కార్మికులు చందాలేసుకుని పెట్టుకున్న క్లబ్బు అది. అందుకే గుర్తు ఫిరంగి. యూనియన్ మనిషి కాబట్టి బాపు కాస్త మెత్తబడ్డాడు. "ఫిట్టర్లు గూడ ఉండే ఉంటరు." కాసేపాగి, "గని ఆ ఫిరంగులు పేల్చింది ఎవల మీద?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆర్సెనల్ మీద బాపు వేసినంత మంచి ప్రశ్న తర్వాత కూడా ఎవరూ వేయలేదు.

2006 ఫైనల్ గురించి రాయకుండా ఉండలేను, రాయాలనీ లేదు. యూరప్ చాంపియన్స్ లీగ్ ఫైనల్, పారిస్, మే 17. మనకు 18వ తేదీ తెల్లవారుజామున పన్నెండుంబావు. నేనప్పటికి హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాను. ముగ్గురు దోస్తులం, నేల మీద చాప, కుండలో నీళ్లు, వేడిగాలి కొట్టే కూలర్. పద్దెనిమిదో నిమిషంలోనే మా గోలీ లేమన్‌కు ఎర్రకార్డు. పది మందితో బార్సిలోనా మీద. ముప్పై ఏడో నిమిషంలో ఆన్రీ ఫ్రీకిక్ తీస్తే సోల్ క్యాంబెల్ తలతో కొట్టాడు. 1-0! పక్కింటి వాళ్లు లేచి తిట్టారు. అరవయ్యో నిమిషం దాటిందో లేదో, కరెంటు పోయింది.

డాబా మీదికెక్కాం. కాజీపేటంతా చీకటి, ఒక్క రైల్వే యార్డు లైట్లు తప్ప. ఒక దోస్తు చేతి గడియారం చూస్తూ మ్యాచ్ నడిపించాడు. ఇప్పుడు డెబ్బై... ఇప్పుడు ఎనభై... ఇంజురీ టైం నాలుగు వేసుకో... అయిపోయింది. గెలిచాం! అని వాడే విజిల్ వేశాడు. ముగ్గురం అక్కడే ఎగిరి, దోమల్లో నిద్రపోయాం. నా జీవితంలో యూరప్ చాంపియన్‌గా నిద్రపోయిన రాత్రి అదొక్కటే.

పొద్దున అబూధాబీ నుంచి బావ మెసేజ్: "మీ టీం ఓడింది. మా రూంల మలయాళీలు ఏడుస్తున్నరు. నువ్వెట్లున్నవ్?" బార్సిలోనాకు శామ్యూల్ ఎటో డెబ్బై ఆరో నిమిషంలో, బెలెట్టి ఎనభయ్యో నిమిషంలో కొట్టారట. అప్పుడు మేం డాబా మీద గడియారం చూస్తున్నాం.

మరుసటి ఏడు మే నెలలో చెల్లె పెళ్లికని బావ సెలవు మీద వచ్చాడు. నాకేం కావాలని ముందే ఫోన్లో అడిగితే ఆర్సెనల్ టీషర్టు అన్నాను. తెచ్చాడు. ఎర్రది, తెల్ల చేతులు, నకిలీ సరుకే, ఛాతీ మీద పెద్ద అక్షరాల్లో ఇంగ్లిషులో "ఫ్లై ఎమిరేట్స్". ఆర్సెనల్ కొత్త స్టేడియానికీ ఛాతీకీ కలిపి దుబాయ్ విమానాల కంపెనీ పది కోట్ల పౌండ్లు ఇచ్చిన రోజులవి. పాత హైబరీ మైదానం మూసేశారు. నేను ఆ టీషర్టు వేసుకుని కోరుట్లలో పెళ్లి పందిట్లోకి వెళ్లాను. అది తప్పని ఐదు నిమిషాల్లో తెలిసింది.

"ఎన్నడొచ్చినవ్ బిడ్డా?" అని ఒకాయన. "మల్లెప్పుడు పోతవ్?" అని ఇంకొకాయన. మెట్‌పల్లి వైపు పెద్దమనిషి పక్కకు తీసుకుపోయి వాళ్లబ్బాయికి వీసా ఎంతలో అవుతుందో అడిగాడు. ఆజాద్ వీసా అయితే మంచిదా, కంపెనీ వీసా అయితే మంచిదా? వాళ్లావిడ వచ్చి, "మావోడు షార్జాల ఉంటడు, ఇంత మామిడికాయ తొక్కు, రెండు కిలోల సకినాలు కట్టిస్త, పట్టుకపోవా కొడుకా" అంది. ఇది ఫుట్‌బాల్ టీం అంగీ అమ్మా, నేను కాజీపేటలో ఉంటాను అంటే ఎవరూ నమ్మరు. అంగీ మీద కంపెనీ పేరు కనబడుతుంటే ఎట్లా నమ్ముతారు? బావ దూరంగా నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అసలు దుబాయోడేమో తెల్ల చొక్కాలో ఉన్నాడు, వాణ్ని అడిగే దిక్కు లేదు.

అన్నాలు తినేటప్పుడు ఒక ముసలామె వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్‌లోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో తీసింది. మూలలు మెత్తబడి, మొహం మీద తెల్ల గీత. కొడుకు. పోయి ఆరేళ్లు. ఫోన్ రాక మూడేళ్లు. "నీ అంగీ మీద రాసుందట గద, ఆడిదేనట. ఏడన్న కనవడ్డడా?"

ఫుట్‌బాల్ అని చెప్పలేకపోయాను. కనబడలేదు గానీ అడుగుతాను అన్నాను. పేరు, నాయన పేరు, ఊరు పెళ్లిపత్రిక వెనక రాసుకుని బావకిచ్చాను. బావ నవ్వలేదు. "ఖల్లివెల్లి అయినోళ్ల జాడ ఎట్ల దొరుకుతది" అన్నాడు. కంపెనీ వదిలి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను అక్కడ మనవాళ్లు అనే మాట అది. ఆ జూన్‌లోనే యూఏఈ ఆమ్నెస్టీ ప్రకటించింది. అలాంటివాళ్లు చాలామంది ఊళ్లకు వచ్చారు. ఆమె కొడుకు మాత్రం రాలేదు.

ఆ తర్వాత ఆ అంగీని కోరుట్ల వైపు ఎప్పుడూ వేసుకుపోలేదు.

2008లో అబూధాబీ షేక్ మాంచెస్టర్ సిటీ క్లబ్బును కొన్నాడు. మరుసటి ఏడు నుంచి మావాళ్లను ఒక్కొక్కణ్నే పట్టుకుపోవడం మొదలైంది. అడెబయోర్, కోలో టూరే, తర్వాత క్లిషీ, నస్రీ. అప్పట్లో బావ పనిచేసే కంపెనీ, పేరెందుకు లెండి, మూడు నెలలు జీతం ఆపింది. నేను ఫోన్లో నస్రీ పోయాడని ఏడుస్తుంటే బావ అన్నాడు: "ఈడ పైసలు లేవంటె ఏడికి పోయినయో అనుకున్న. మీ పోరల్ల కాడికే పోయినయన్నట్టు." అది నిజం లెక్క కాదని ఇద్దరికీ తెలుసు. షేక్ సొమ్ము వేరు, బావ కాంట్రాక్టర్ బాకీ వేరు. కానీ ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తిరుగుతుంది.

ఇక్కడ నా అభిప్రాయాలు రెండు చెప్పుకోనివ్వండి. సివిక్స్ మాస్టారికి ఆ మాత్రం హక్కుంది.

చెల్సీని రష్యా కుబేరుడు అబ్రమోవిచ్ 2003లో కొన్నాడు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడింది, మార్చిలో బ్రిటన్ ఆయన ఆస్తులు స్తంభింపజేసింది, మే నాటికి క్లబ్బు చేతులు మారింది. పంతొమ్మిదేళ్లు కనబడని మరక మూడు నెలల్లో కనబడింది. మేం చెల్సీవాళ్లను ఆడిపోసుకున్నాం. మరి మా ఇంటి సంగతి? 2019 డిసెంబర్‌లో మా ఆటగాడు ఓజిల్ చైనాలో వీగర్ ముస్లింల మీద జరుగుతున్నదాని గురించి రాశాడు. క్లబ్బు వెంటనే చైనా వాళ్లకు కనబడే చోట, మేం రాజకీయాల జోలికి పోం, అది అతని సొంత అభిప్రాయం అని చెప్పుకుంది. చైనా టీవీ అయినా ఆ వారం మా మ్యాచ్ ఎత్తేసింది. ఉక్రెయిన్ సమయానికి అదే లీగ్‌లో అందరం నీలం, పసుపు రంగులకు చప్పట్లు కొట్టాం. కొట్టినందుకు కాదు నా బాధ. చప్పట్లకు కూడా మార్కెట్ లెక్క ఉంటుందని తెలిసినందుకు.

మావాళ్ల అంగీ చేతి మీద "విజిట్ రువాండా" అని ఇంకోటి. 2018లో వచ్చింది. 2025 జనవరిలో రువాండా అండ ఉన్న ఎం23 తిరుగుబాటుదారులు కాంగోలో గోమా నగరాన్ని పట్టుకున్నప్పుడు, ఈ ఒప్పందం తెంచుకోండని కాంగో విదేశాంగ మంత్రి మా క్లబ్బుకు ఉత్తరం రాసింది. నా దగ్గర ఆ చేతి ముద్ర ఉన్న టీషర్టు ఒక్కటి కూడా లేదు. నిజాయితీగా చెప్పాలంటే అందులో సగం సిద్ధాంతం, సగం ధర.

ఎవరైనా అడగొచ్చు, మన ఊరి జట్టుకు కేకలేయొచ్చు కదా అని. వేశాను. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశపు లీగ్ ఐఎస్‌ఎల్ ఫైనల్ గెలిచింది. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి బాపు కళ్లు తుడుచుకున్నాడు. "రహీం సాబ్ ఉంటెనా" అన్నాడు. నాలుగేళ్లు తిరక్కుండా ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. బాపుకు నేను ఇంకా చెప్పలేదు.

బావ 2013లో దోహా మారాడు. అక్కడ కూడా సెంట్రింగే. స్టేడియాలు కట్టలేదు, మెట్రోకు కట్టాడు. వరల్డ్ కప్ కోసం వేసిన మెట్రో. కాబట్టి స్టేడియం కూలీల లెక్కల్లో బావ లేడు. 2021లో గార్డియన్ పత్రిక, వరల్డ్ కప్ ఖతర్‌కు దక్కిన 2010 నుంచి మన దేశంతో కలిపి ఐదు దక్షిణాసియా దేశాల వాళ్లు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని రాసింది. అందరూ స్టేడియాల్లో పోయినవాళ్లు కారు, ఆ లెక్క అలా చెప్పడం కుదరదని ఖతర్ అంది. బావను అడిగాను. "గుండెపోటు అని రాస్తరు బామ్మర్దీ. ముప్పై ఏండ్ల పోరనికి. పండుకున్నోడు లేవడు. ఎండల పనిజేసి వచ్చిండని ఏ కాయితంల రాస్తరు?" ఎండకు తట్టుకోలేరని టోర్నమెంటును నవంబర్‌కు జరిపారని చెబితే, "అవునా? ఎండ సంగతి వాళ్లకు గప్పుడు ఎరుకైందా?" అని మాత్రం అన్నాడు.

జర్మనీ ఆటగాళ్లు నిరసనగా నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఫోటో దిగారు. యూరప్ అభిమానులు టీవీలు కట్టేస్తామన్నారు. తప్పని అనను. కానీ ఆ గొడవలో ఇటువైపువాళ్లు గానీ అటువైపువాళ్లు గానీ బావలాంటి వాడికి మైకు ఇచ్చిందెక్కడ?

అయినా బావ మ్యాచ్‌కు పోయాడు! అక్కడుండేవాళ్లకు నలభై రియాళ్ల టికెట్లు పెట్టారు. రూంలో మలయాళీలు తీసిస్తే, నవంబర్ 29న ఖలీఫా స్టేడియంలో సెనెగల్, ఈక్వెడార్ ఆట. నాకు వీడియో కాల్ చేశాడు. నా జన్మలో వరల్డ్ కప్ మ్యాచ్‌కు అంత దగ్గరగా పోయింది అదే, కాబట్టి ఫోన్‌ను దిండుకు ఆనించి కూర్చున్నాను. రెండు నిమిషాలు గ్రౌండ్ చూపించాడు. తర్వాత కెమెరా తిరిగింది. ఒక కాంక్రీటు స్తంభం. పైనుంచి కిందికి, మళ్లీ పైకి.

"ఫినిషింగ్ చూడు బామ్మర్దీ. జాయింట్ కాడ ఒక్క గీత లేదు. ప్లై షీటు కొత్తది ఏసిండ్రు, గందుకే."

"బావా, ఆట చూపియ్యి!"

"చూపిస్త ఆగు. ఈ మూల చూడు, ఇది కష్టం. ఇది చెయ్యాల్నంటె చెయ్యి తిరిగినోడే ఉండాలె." వేలితో స్తంభాన్ని తట్టాడు. వెనక ఒక్కసారిగా స్టేడియం ఊగిపోయింది. ఎవరో గోల్ కొట్టారు. నేను చూసింది స్తంభం. "మస్తు చల్లగున్నది ఈడ" అన్నాడు. "మా రూం ఏసీ కన్న గ్రౌండ్ ఏసీ మంచిగున్నది."

బావ వచ్చేశాక, 2025 మే నెలలో మోకాలు చూపించుకోవడానికి హనుమకొండ వచ్చి మా ఇంట్లో దిగాడు. అది మే 7. రాత్రి పన్నెండున్నరకు చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, మళ్లీ పారిస్. మొదటిది లండన్‌లో 0-1తో పోయింది. కానీ ఆ రోజు దేశంలో ఎవరికీ ఫుట్‌బాల్ పట్టలేదు. ముందురాత్రి మనవాళ్లు సరిహద్దు అవతల పాకిస్తాన్ మీదికి క్షిపణులు వేశారు, సాయంత్రం హైదరాబాద్‌లో సైరన్లు మోగించి డ్రిల్ చేశారు. బాపు పొద్దటి నుంచి వార్తల ముందు నుంచి లేవలేదు. రిమోట్ ఆయన ఒళ్లో ఉంది. డెబ్బై ఏడేళ్ల మనిషి చేతిలోంచి యుద్ధాన్ని గుంజుకోవడం ఎలా?

బావే రాయబారం నడిపాడు. "మామా, వాళ్లు చెప్పిందే చెప్తున్నరు. జర ఇది చూద్దాం. మధ్యల విరామం ఇస్తరు, అప్పుడు వార్తలు పెడత."

బాపు ఒప్పుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని తెర చూశాడు. "ఎవలెవలకు?"

"ఎమిరేట్సుకు, ఖతర్ ఎయిర్‌వేసుకు" అన్నాడు బావ.

అబద్ధమేం కాదు. మావాళ్ల ఛాతీ మీద అది, పారిస్ వాళ్ల ఛాతీ మీద ఇది. పారిస్ క్లబ్బు 2011 నుంచి ఖతర్ వాళ్లదే. "రెండిట్ల తిరిగిన మామా. తిండి ఖతర్‌దే మంచిగుంటది."

బావ బట్టలు తక్కువ తెచ్చుకున్నాడని మా ఆవిడ బీరువా అడుగున ఉన్న పాత ఎర్ర అంగీ తీసిచ్చింది. అదే, 2007ది. రంగు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. "ఫ్లై" అన్న మాట ఎప్పుడో రాలిపోయి "ఎమిరేట్స్" ఒక్కటే మిగిలింది. ఇరవై ఏడో నిమిషంలో పారిస్ ఆటగాడు ఫాబియాన్ రూయిజ్ కొట్టాడు. బావ మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. విరామంలో మాట ప్రకారం వార్తలు పెట్టాం. మళ్లీ ఆటకు వచ్చాం. హకీమీ రెండోది. మా సాకా ఒకటి తిరిగి ఇచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. నాలుగు నిమిషాలకు అదే సాకా ఖాళీ గోల్ ముందు నుంచి బంతిని ఆకాశంలోకి లేపాడు. కూర్చున్నాను.

"మా ఓనర్లు మీ ఓనర్లను కొట్టిండ్రు" అన్నాడు బావ, విజిల్ పడగానే. నేను మాట్లాడలేదు.

బాపు నిద్రమత్తులో బావ వైపు తిరిగాడు. ఛాతీ మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు.

"మల్లెప్పుడు పోతవ్ రా?"

"ఇగ పోను మామా."

"ఊఁ. అట్లయితె వార్తలు పెట్టు."